కన్ను ఎక్కడ? బంగాళాఖాతంలో తుఫాను జాడ తీసిన చరిత్ర

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే కోస్తా జిల్లాల్లో ఆ వార్త వినని ఏడాది అరుదు. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండమైంది, మత్స్యకారులు వేటకు వెళ్లవద్దు, మచిలీపట్నం, నిజాంపట్నం, కాకినాడ రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. మర్నాటికి మూడు పోయి ఐదో, ఏడో వస్తుంది. అంకె పెరిగిందంటే ముప్పు పెరిగిందని మనవాళ్ల లెక్క. నిజానికి ఐదు, ఆరు, ఏడు ఒకే స్థాయి ప్రమాదానికి గుర్తులు. తుఫాను రేవును తన దారికి ఎడమపక్కన విడిచి పోతుందనుకుంటే ఐదు, కుడిపక్కన విడిచి పోతుందనుకుంటే ఆరు, రేవు మీదుగానో దానికి బాగా దగ్గరగానో పోతుందనుకుంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరుస. అప్పుడు తుఫాను మరింత తీవ్రమైనదని అర్థం. చిట్టచివరి పదకొండు వీటన్నిటికీ వేరు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం మాత్రం చెడేలా ఉందని స్థానిక అధికారి అనుకుంటున్నాడు అని దాని భావం.

రేవులో పగలు శంకువులు, డోళ్ల ఆకారపు గుర్తులు, రాత్రి దీపాలు వేలాడదీసి చెప్పే ఈ పద్ధతి 1898లో దేశంలోని రేవులన్నిటికీ ఒకే తీరున అమల్లోకి వచ్చింది. పెద్దగా మారకుండా నేటికీ నడుస్తోంది. గాలి ఎంత బలంగా వీస్తుందన్న సంగతితో పాటు తుఫాను కేంద్రం రేవుకు ఏ పక్కన ఉంటుందన్నది అందులో సగం సమాచారం. పదకొండో నంబరైతే తెలియదన్న మాటను కూడా ఒక గుర్తుగా మార్చి కర్రకు కట్టేసింది. ఆ పట్టికను తయారుచేసినవాళ్లకు ఒక సంగతి అనుభవంలో తెలుసు: సముద్రం మీద తిరిగే తుఫానుకు నడిబొడ్డు ఎక్కడుందో కళ్లతో చూసి చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. దాన్ని ఊహించాలి, ఆ ఊహను పూటపూటకూ దిద్దుకోవాలి.

ఆ ఊహించే విద్యకు బంగాళాఖాతంలో పునాది వేసినవాడు హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెన్‌గా సముద్రాలు తిరిగి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డాడు. ఓడ ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడుగా పనిచేశాడు. 1838లో విలియం రీడ్ తుఫానుల నియమాల మీద రాసిన పుస్తకం ఆయన చేతికి వచ్చింది. తుఫాను అంటే ఒక దిక్కున దూసుకుపోయే గాలి కాదు, గిరగిర తిరుగుతూ కదిలే చక్రం అని అమెరికాలో రెడ్‌ఫీల్డ్, తర్వాత రీడ్ వాదిస్తున్న కాలం అది. పిడింగ్టన్ ఆ వాదాన్ని బంగాళాఖాతం మీద పరీక్షకు పెట్టాడు. 1839 జూన్‌లో వచ్చిన గాలివానతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుస వ్యాసాలు రాశాడు. ఆయన ముడిసరుకు ఓడల లాగ్‌బుక్కులు. తుఫానులో చిక్కి బతికి బయటపడ్డ ఓడలు రేవు చేరగానే వాటి లెక్కలు తెప్పించుకునేవాడు: ఫలానా రోజు మధ్యాహ్నం ఎక్కడ ఉన్నాం, గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, భారమితి ఎంత పడింది.

పద్ధతి చెప్పుకోవడానికి సులువే. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం కుడిచేతి వైపు ఉంటుంది. కాబట్టి పటం మీద ఓడ ఉన్న చోటు గుర్తుపెట్టి, గాలి దిక్కుకు అడ్డంగా ఒక గీత గీయాలి. రెండో ఓడకు ఇంకో గీత. రెండూ కలిసేచోట తుఫాను కన్ను. మరుసటి రోజు మళ్లీ గీస్తే కన్ను ఎంత జరిగిందో, ఎటు జరిగిందో తెలుస్తుంది.

చేసిచూస్తేనే కష్టం బయటపడుతుంది. తుఫానులో చిక్కిన ఓడకు రోజుల తరబడి సూర్యుడు కనపడడు, నక్షత్రాలు కనపడవు. తాను ఎక్కడున్నదీ ఆ ఓడకే తెలియదు. ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీళ్లలో వదిలి, ఇసుక గడియారం చూసి వేగం కొలిచి, దిక్సూచి చూపిన దిక్కుతో కలిపి, నిన్నటి చోటు నుంచి ఇంత దూరం వచ్చి ఉంటామని అనుకోవాలి. కింద ప్రవాహం ఓడను ఎటు ఈడుస్తోందో ఆ లెక్కలో ఉండదు. గాలి దిక్కు సరంగు కళ్లతో చూసి రాసిందే. ఒక ఓడ గడియారానికీ ఇంకో ఓడ గడియారానికీ పొంతన ఉండదు. ఇక రెండు గీతలు నిటారుగా ఖండించుకుంటే ఫరవాలేదు. దాదాపు సమాంతరంగా వచ్చి కలిశాయా, చిన్న పొరపాటుకే కన్ను పటం మీద వందల మైళ్లు జరిగిపోతుంది. మూడు ఓడల గీతలు ఒక్క బిందువు దగ్గర కలిసిన సందర్భాలు తక్కువ. మధ్యలో ఒక త్రిభుజం మిగిలేది. ఆ త్రిభుజంలో ఎక్కడో ఉంది కన్ను అనుకుని, ఏ ఓడ లెక్క నమ్మదగిందో తన అనుభవంతో తూచి, పిడింగ్టన్ ఒక చుక్క పెట్టేవాడు.

ఆయనకు దొరికిన వాటిలో అపురూపమైనది ఛార్లెస్ హెడిల్ అనే ఓడ లాగ్‌బుక్. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర ఆ ఓడ తుఫానుకు చిక్కి, గాలి ఎటు తోస్తే అటు పరుగెత్తింది. ఐదు రోజుల పాటు కన్ను చుట్టూ ప్రదక్షిణలు చేసి, వందల మైళ్లు తిరిగి, బయలుదేరిన చోటికి అంత దూరం కాని చోట తేలింది. తుఫాను తిరుగుతుందన్న మాటకూ, తిరుగుతూనే మెల్లగా జరుగుతుందన్న మాటకూ అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. 1848లో అచ్చయిన తన నావికుల కరదీపికలో ఈ చుట్టుకునే గాలులన్నిటికీ కలిపి సైక్లోన్ అనే పేరు ప్రతిపాదించింది పిడింగ్టనే. ఆ పుస్తకంతో పాటు చక్రాలూ గాలి దిక్కులూ అచ్చువేసిన పారదర్శకపు రేకులు రెండు ఇచ్చాడు, ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణానికి ఒకటి. నడిసముద్రంలో ఒంటరిగా ఉన్న కెప్టెన్ వాటిని తన పటం మీద పరచి, కన్ను ఏ పక్కన ఉందో తానే తేల్చుకుని, ఓడను దూరంగా మళ్లించుకోవాలని ఆయన తపన.

ఆ పుస్తకంలో మన గోదావరి ముఖద్వారం ఉంది. కాకినాడ పక్కనున్న కోరంగి అప్పట్లో ఓడలు కట్టే, బాగుచేసే పేరున్న రేవు. 1789 డిసెంబరులో సముద్రం మూడు పెద్ద అలలుగా వచ్చి ఊరిని ముంచిన వైనాన్ని పిడింగ్టన్ తన పుస్తకంలోకి ఎక్కించాడు. మళ్లీ 1839 నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆ దెబ్బ నుంచి కోరంగి తేరుకోలేదు. మేట వేసిన ఇసుక మిగతా పని చేసింది.

పిడింగ్టన్ గీతల్లో ఒక లోపం ఉంది, అది తర్వాతి తరానికి గాని సరిగా తేలలేదు. గాలి కన్ను చుట్టూ అచ్చమైన వలయంలో తిరుగుతుందనుకోబట్టి అడ్డగీత కన్ను మీదుగా పోతుందన్నాడు. గాలి నిజానికి లోపలికి వంగుతూ సుడిలా పోతుంది. మారిషస్‌లో చార్లెస్ మెల్డ్రమ్ వంటివాళ్లు ఎన్నో ఓడల లెక్కలు పక్కపక్కన పెట్టి దీన్ని రుజువు చేశారు. దిక్కులో ఇరవై డిగ్రీల తేడా ఉంటే, మూడు వందల కిలోమీటర్ల అవతలి కన్ను దాదాపు వంద కిలోమీటర్లు పక్కకు తప్పుతుంది. ఇది సరంగు చూపులో దొర్లే చిన్నచిన్న తప్పుల్లాంటిది కాదు. అవి అటూ ఇటూ ఉంటాయి, పది ఓడల లెక్కలు కలిపితే చాలావరకు చెల్లిపోతాయి. ఇది మాత్రం అందరినీ ఒకే వైపు తప్పు పట్టిస్తుంది. వెయ్యి ఓడలు కలిపినా పోదు. కొలతల్లోని ఈ రెండు జాతుల పొరపాట్లను వేరుచేయడం ఈ చరిత్ర పొడవునా సాగిన పోరాటం.

1864లో వంగదేశాన్నీ ఆంధ్రతీరాన్నీ నెల తిరక్కుండా రెండు తుఫానులు కొట్టాయి. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1 రాత్రి బందరు. బందరులో ఉప్పెన మైళ్ల దూరం లోపలికి వచ్చి సుమారు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. కలకత్తా తుఫాను మీద గాస్ట్రెల్, బ్లాన్‌ఫర్డ్ అనే ఇద్దరు ఓడల లెక్కలన్నీ కూడబెట్టి వివరమైన నివేదిక రాశారు. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది, బ్లాన్‌ఫర్డే దానికి తొలి అధిపతి. అంతమంది చచ్చిపోయిన బందరుకు ఆ పని కలకత్తా తర్వాతే అందింది. సామ్రాజ్యానికి ఏ రేవు ముఖ్యమో అక్కడే ముందుగా కొలతలు మొదలయ్యాయన్నది దాచలేని నిజం.

తంతి వ్యవస్థ వచ్చినా అది నేల మీదిదే. సముద్రంలో ఉన్న ఓడ తన భారమితి సంగతి రేవు చేరాక గాని చెప్పలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఓడల్లో వైర్‌లెస్ వచ్చాకే ఆ చిక్కు తీరింది. దానితోనే కొత్త చిక్కు వచ్చింది. హెచ్చరిక అందిన ఓడ తుఫానుకు దూరంగా తప్పుకుపోతుంది, పోవాలి కూడా. హెచ్చరికలు మెరుగుపడేకొద్దీ కన్ను దగ్గర నిలబడి కొలత చెప్పేవాళ్లు కరువయ్యారు. అట్లాంటిక్‌లో 1943 నుంచి విమానాలు తుఫాను కడుపులోకి వెళ్లి కొలవడం మొదలైంది. బంగాళాఖాతానికి ఆ సౌకర్యం అలవాటు కాలేదు.

1960 వసంతంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్ 1న టైరోస్-1 అనే తొలి వాతావరణ ఉపగ్రహం పైకి లేచింది. దానికి ఒక నెల ముందు, మార్చిలో, బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ కాల్మన్ అనే ముప్పయ్యేళ్ల లోపు గణితవేత్త మెకానికల్ ఇంజినీర్ల పత్రికలో ఒక వ్యాసం అచ్చువేశాడు. మొదటిది తుఫానును పైనుంచి చూపించింది. రెండోది పిడింగ్టన్ అనుభవంతో తూచిన పనికి లెక్క కట్టింది.

కాల్మన్ చెప్పింది ఇది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్న చుట్టం కోసం ఎదురుచూస్తున్నామనుకుందాం. టైంటేబుల్ ప్రకారం బండి ఈపాటికి రాజమండ్రి దాటి ఉండాలి. కానీ బండ్లు ఆలస్యమవుతాయి. చుట్టం ఫోను చేసి, చీకట్లో ఏదో పెద్ద వంతెన దాటినట్టుందన్నాడు. నిద్రకళ్లతో చూసిన మాట అది. రెండూ పూర్తిగా నమ్మలేం, రెండూ పారేయలేం. టైంటేబుల్ మీద ఎంత నమ్మకమో, ఫోను మాట మీద ఎంత నమ్మకమో అంకెల్లో పెట్టి, ఆ పాళ్లలో రెంటినీ కలిపితే బండి ఉన్నచోటు మీద కొత్త అంచనా వస్తుంది. ఆ అంచనాకు ఎంత పొరపాటు ఉండొచ్చో కూడా అదే లెక్కలో వస్తుంది. తర్వాతి ఫోను వచ్చేదాకా బండి కదులుతూనే ఉంటుంది, మన అనుమానం పెరుగుతూనే ఉంటుంది. ఫోను రాగానే అనుమానం తగ్గుతుంది. పాత ఫోను మాటలన్నీ గుర్తుపెట్టుకోనవసరం లేదు. నిన్నటి అంచనా, దాని పొరపాటు, ఈరోజు కొలత, ఇవి చాలు. నాసాలో స్టాన్లీ ష్మిట్ ఈ పద్ధతి విలువను వెంటనే పట్టాడు. చంద్రుడి దాకా వెళ్లి వచ్చిన అపోలో నౌకల దారి లెక్కలు దాని మీదే నడిచాయి.

కొలతల నుంచి ఎంత ఖచ్చితత్వం పిండుకోవచ్చన్నదానికి అడుగున ఒక హద్దు ఉంటుందని అంతకు పదిహేనేళ్ల ముందే రుజువు చేసినవాడు ఒక తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణ రావు, లోకానికి సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, పిడింగ్టన్ పనిచేసిన కలకత్తాకే వెళ్లి, 1945లో ఆ వ్యాసం రాశాడు. స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ విడిగా అదే ఫలితానికి చేరాడు. అందుకే అది క్రామర్-రావు హద్దు. ఉన్న కొలతలతో ఇంతకు మించి ఖచ్చితంగా చెప్పడం ఏ తెలివైన పద్ధతికీ సాధ్యం కాదని చెప్పే ఆ గీత, అంచనాలు వేసే ప్రతి వృత్తికీ తన బలమెంతో చూపింది.

కాల్మన్ లెక్క వాతావరణానికి నేరుగా అతకలేదు. నౌక స్థితిని చెప్పడానికి కొన్ని అంకెలు చాలు. భూగోళపు గాలిని చెప్పడానికి కోట్ల అంకెలు కావాలి. ఒక్కో అంకెలోని పొరపాటుకు మిగతా ప్రతి అంకెతో ఉన్న సంబంధాన్ని రాయాలంటే కోటి గుణించి కోటి. ఏ కంప్యూటరూ మోయలేదు. నార్వేకు చెందిన గెయిర్ ఎవెన్సెన్ 1994లో దానికి దారి చూపాడు. పొరపాటును పట్టికగా రాయవద్దు, ఆరంభ స్థితిని కాస్త కాస్త మార్చి కొన్ని పదుల అంచనాలు పక్కపక్కన నడపండి. అవి ఎంత విడిపోతే మన అనుమానం అంత. అలా గుంపుగా అంచనాలు నడపడం యూరప్, అమెరికా కేంద్రాల్లో 1992 చివరికే మొదలైంది. భారత వాతావరణ శాఖ 2018లో 12 కిలోమీటర్ల గళ్లతో 21 అంచనాల గుంపును రోజువారీ వాడుకలోకి తెచ్చింది.

ఆరంభ స్థితి సరిగా లేకపోతే ఏమవుతుందో అంతకు చాలా ముందే ఒకరు అనుభవించారు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1910 మే 20 నాటి కొలతలు తీసుకుని, ఆరు గంటల మార్పును చేత్తో లెక్కగట్టి 1922లో అచ్చువేశాడు. వాయుపీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేలింది. ఆ రోజు అది దాదాపు కదలలేదు. ఆయన సమీకరణాలు సరైనవే. తొలి కొలతలు ఒకదానితో ఒకటి పొసగనివి.

ఇక మన తీరం. విశాఖలో తుఫానులను పసిగట్టే రాడార్ 1970లో వచ్చింది, తుఫాను హెచ్చరిక కేంద్రం 1974లో. అయినా 1977 నవంబరు 19 ఆగలేదు. ఆ తుఫాను కన్ను చీరాల దగ్గర తీరం దాటింది. చావు మాత్రం అక్కడికి అరవై కిలోమీటర్లకు పైగా తూర్పున, కృష్ణా ముఖద్వారంలో ఉన్న దివిసీమలో పడింది. తీరానికి ఎదురొచ్చే తుఫానుకు ఎడమపక్కన గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది, కుడిపక్కన సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఐదు మీటర్ల ఎత్తున నీళ్లు వచ్చి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో సుమారు పదివేల మందిని బలితీసుకున్నాయి. కన్ను ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుందన్న ఒక్క మాట ఎంత చాలనిదో దివిసీమ చెప్పినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. కన్ను ఉండే చోటు, దాని చుట్టూ అనుమానపు మేర, ఆ మేరకు కుడిపక్కన ఎవరెవరు ఉన్నారు: ఈ మూడూ కలిస్తేనే అది హెచ్చరిక. పదమూడేళ్ల తర్వాత, 1990 మేలో, అదే కృష్ణా ముఖద్వారం దగ్గర అంతటి తుఫానే తీరం దాటింది. ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు. ప్రాణనష్టం వెయ్యికి లోపు. తుఫాను బలం తగ్గలేదు. అంచనా మీద నమ్మకం ఉంచి, ఒక ఊరికి బదులు తీరమంతా కదిలారు.

ఇప్పటికీ కన్ను దగ్గర కొలత దొరకడం కష్టమే. మేఘాల ఆకారం చూసి గాలి బలాన్ని అంచనా కట్టే పద్ధతిని అమెరికాకు చెందిన వెర్నన్ డ్వోరాక్ 1970లలో రూపొందించాడు. బంగాళాఖాతంలో నేటికీ అదే ఆధారం. అదే చిత్రాన్ని చూసిన ఇద్దరు నిపుణులు ఆ పద్ధతి కొలమానంలో అర మెట్టు తేడాతో తేల్చవచ్చు, ఆ అర మెట్టు తీవ్ర తుఫానులో గంటకు ఇరవై కిలోమీటర్లకు పైన. 2009లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఓషన్‌శాట్-2 లాంటి ఉపగ్రహాలు సముద్రపు అలల గరుకుదనాన్ని బట్టి గాలిని కొలుస్తాయి. ఒక్క గరుకుదనానికి రెండు మూడు గాలి దిక్కులు సరిపోతాయి. వాటిలో ఏది నిజమో ముందటి అంచనాను బట్టే ఎంచుకోవాలి. కుండపోత వాన పడుతున్నచోట ఆ కొలత చెడిపోతుంది. నీటిలో తేలే బోయాల కొలతలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అక్కడి డాప్లర్ రాడారే ఆ గాలికి దెబ్బతిని మూగబోయింది. అప్పటికే అంచనా స్థిరపడింది. రోజుల ముందే విశాఖ పేరు చెప్పగలిగారు.

హుద్‌హుద్ తీరానికి ఎదురుగా వచ్చింది. 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ అలా కాదు, చెన్నై ముందు నుంచి తీరాన్ని దాదాపు ఒరుసుకుంటూ ఉత్తరానికి సాగి, 5న బాపట్ల దగ్గర నేలెక్కింది. దారి తీరానికి సమాంతరంగా ఉంటే దిక్కులో కొద్దిపాటి తేడా కూడా తీరం దాటే చోటును ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మార్చేస్తుంది. పిడింగ్టన్ పటం మీద సమాంతరపు గీతలు పెట్టిన ఇబ్బందే ఇది. వాతావరణ శాఖ 2009 నుంచి తుఫాను దారి చుట్టూ గీస్తున్న విచ్చుకునే గరాటు ఆ అనుమానాన్ని చూపడానికే. గడిచిన ఏళ్లలో తమ అంచనాలు ఎంత తప్పాయో లెక్కగట్టి దాని వెడల్పు నిర్ణయిస్తారు. టీవీ తెరల మీద మాత్రం ఆ గరాటు మాయమై, నడిగీత ఒక్కటే మిగులుతుంది, దాని కొసన ఒక ఊరి పేరు. ఆ పేరు తమది కాదని ఊపిరి పీల్చుకునే పక్క ఊళ్లవాళ్లకు ఇది చేసే అపకారం చిన్నది కాదు. గరాటును గరాటుగానే చూపించాలి. దాన్ని చదవడం కోస్తా జనానికి కష్టమేమీ కాదు.

తుఫాను పోయాక కూడా దాని దారి దిద్దడం ఆగదు. అన్ని కొలతలూ చేతికొచ్చాక, తర్వాతి గంటల సాక్ష్యంతో ముందటి గంటల చోటును సరిచేసి, తుది దారిని రికార్డుకు ఎక్కిస్తారు. భారత వాతావరణ శాఖ అట్లాసులో అలాంటి దారులు 1891 నుంచి ఉన్నాయి. అంతకన్నా వెనక్కు వెళ్లిన ప్రయత్నం అమెరికాలో జరిగింది. పాత ఓడల, రేవుల భారమితి లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించి, కేవలం ఆ పీడనపు కొలతలతో, ఎవెన్సెన్ చూపిన గుంపు పద్ధతిలో, గతకాలపు వాతావరణాన్ని పూటపూటకూ తిరిగి కట్టారు. 2019లో వెలువడ్డ దాని మూడో కూర్పు 1836 దాకా వెళుతుంది. ప్రతి పూటకూ ఒకటి కాదు, 80 చిత్రాలు ఇస్తుంది. కొలతలు దట్టంగా ఉన్నచోట అవి ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి, పలుచనైనచోట విడిపోతాయి. కోరంగిని ముంచిన 1839 నవంబరూ, బందరును ముంచిన 1864 నవంబరూ ఆ లెక్క పరిధిలోకి వస్తాయి. ఆ కాలపు లాగ్‌బుక్కులు ఎన్నో ఇంకా పాత భాండాగారాల్లో చదివేవాళ్లు లేక పడి ఉన్నాయి. వాటిలో ఒక్కొక్క భారమితి లెక్కా బయటికొచ్చి ఆ గుంపులో చేరితే, ఆనాటి 80 చిత్రాలు ఆ మేరకు దగ్గరవుతాయి.